మెట్‌పల్లి ప్రాంతపు పాత ఇనుప వంటపాత్రలు: గుర్తింపు, సేకరణ పద్ధతులు

వ్యాససంగ్రహం:
ఉత్తర తెలంగాణ ఇళ్ళలో మిగిలి ఉన్న పాత ఇనుప వంటపాత్రలు ఈ ప్రాంతపు లోహవృత్తి చరిత్రకు ఆధారాలు. వీటిని గుర్తించేటప్పుడు పాతవన్నీ పోత ఇనుపవేనని ఒకరు, సుత్తె దెబ్బలున్నవన్నీ ప్రాచీనమైనవని మరొకరు, ఇక్కడి పాత ఇనుమంతా కోనసముద్రం ఉక్కేనని ఇంకొకరు భావించడం కనిపిస్తుంది. ఈ మూడు భావనలూ నిలబడవని వివరిస్తూ, పాత్రలోని లోహాన్ని, దాన్ని మలచిన పనితనాన్ని, అది నడిచిన ఇంటి చరిత్రను వేరువేరుగా పరిశీలించే పద్ధతిని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. సేకరణ, నమోదు, శుద్ధి, చట్టబద్ధత అనే అంశాలు కూడా ఇందులో చర్చించబడ్డాయి.

కీలక పదాలు: ఇనుప పాత్రలు, పోత ఇనుము, చేత ఇనుము, కమ్మరి వృత్తి, కోనసముద్రం, మెట్‌పల్లి, వస్తుసంస్కృతి.

1. ఉపోద్ఘాతం

జొన్నరొట్టె కాల్చే పెంక, పోపు వేసే మూకుడు, సర్వపిండి ఒత్తే గంజు, సట్టువం, జల్లిగంటె మొదలైనవి ఉత్తర తెలంగాణ వంటింటి పరికరాలు. పసుపు పండే మెట్‌పల్లి, ఆర్మూర్ ప్రాంతాలలో వీటికి తోడు పసుపు కొమ్ములు ఉడికించే పెద్ద ఇనుప కడాయిలు కూడా ఉండేవి. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు, నాన్‌స్టిక్ పాత్రలు వచ్చిన తరువాత ఇనుప పాత్రలు పొయ్యి మీది నుండి అటక మీదికి, అక్కడి నుండి పాత ఇనుప సామాన్లు కొనేవారి తక్కెడలోకి చేరుతున్నాయి. తక్కెడలో పాత్రకు బరువే తప్ప చరిత్ర ఉండదు. కరిగించిన తరువాత ఆ చరిత్రను తిరిగి పొందే మార్గం లేదు.

మరోవైపు ఇనుప పాత్రలపై కొత్త ఆసక్తి పెరిగింది. పాత పెంకలను వెదకి కొనేవారు, వాటిని అలంకరణ వస్తువులుగా అమ్మేవారు ఉన్నారు. అయితే ఈ ఆసక్తికి తగిన గుర్తింపు పద్ధతి మన దగ్గర లేదు. పాశ్చాత్య దేశాలలో పాత ఇనుప పాత్రల సేకరణ ప్రధానంగా తయారీ ముద్రలపై ఆధారపడుతుంది. ఉదాహరణకు అమెరికాలోని ఎరీ నగరంలో 1865 నుండి 1957 వరకు నడిచిన గ్రిస్‌వోల్డ్ సంస్థ తన పాత్రల అడుగున పేరు, సంఖ్య ముద్రించేది. ఆ ముద్ర రూపం కాలక్రమంలో మారడం వల్ల సేకర్తలు పాత్ర తయారైన కాలాన్ని అంచనా వేయగలుగుతున్నారు. మన పల్లె కమ్మరి చేసిన పెంకపై సాధారణంగా పేరు ఉండదు, తేదీ ఉండదు. కాబట్టి ఆ పద్ధతి ఇక్కడ యథాతథంగా పనికిరాదు. ముద్ర లేనిచోట లోహాన్నీ, పనితనాన్నీ చదవడం నేర్చుకోవాలి.

2. ప్రాంతీయ నేపథ్యం

మెట్‌పల్లి 2016 వరకు కరీంనగర్ జిల్లాలోనూ, ఆ తరువాత జగిత్యాల జిల్లాలోనూ ఉంది. ఇక్కడి నుండి ఆర్మూర్ వైపు వెళ్ళే దారిలో కమ్మర్‌పల్లి ఉంది. ఆ మండలంలోని కోనసముద్రం గ్రామం ప్రపంచ లోహశాస్త్ర చరిత్రలో పేరుపొందిన ఉక్కు తయారీ కేంద్రం. 17వ శతాబ్దంలో ఈ మార్గాన ప్రయాణించిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, ఇందల్వాయిలో కత్తులు, బాకులు, ఈటెలు విస్తారంగా తయారయ్యేవని రాశాడు. దక్కన్ త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ పరిశీలకుడుగా పనిచేసిన హెన్రీ వెస్లీ వాయిసే కోనసముద్రంలో ఉక్కు తయారీని చూసి వర్ణించాడు. 1824లో ఆయన మరణించిన తరువాత, 1832లో ఆ రచన బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. రెండు రకాల ఇనుమును కలిపి మట్టి మూసలలో కరిగించి ఉక్కు చేయడాన్ని, ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు రావడాన్ని ఆ రచన తెలుపుతుంది. 2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో జరిపిన క్షేత్ర సర్వే, ఇనుము, ఉక్కు తయారీ ఆనవాళ్ళు ఈ ప్రాంతమంతటా విస్తరించి ఉన్నాయని చూపింది.

ఈ నేపథ్యంలో రెండు భిన్నమైన పనులను వేరుచేసి చూడాలి. మొదటిది ఖనిజం నుండి ఇనుము తీయడం. ఇనుప ఖనిజాన్ని, బొగ్గును మట్టి కొలిమిలో పేర్చి తిత్తులతో గాలి ఊదితే, ఇనుము పూర్తిగా కరగకుండానే మెత్తని ముద్దగా ఏర్పడుతుంది. అందులో చిట్టెం కలిసి ఉంటుంది. ఆ ముద్దను ఎర్రగా కాల్చి, దాగలిపై పెట్టి సమ్మెటతో పలుమార్లు కొడితే చిట్టెంలో చాలాభాగం బయటికి పోయి చేత ఇనుము మిగులుతుంది. రెండవది ఆ ఇనుమును మూసలో కర్బనంతో కలిపి కరిగించి ఉక్కు చేయడం. ఊరి వ్యవసాయ పరికరాలకు, వంటింటి సామానుకు కావలసినది మొదటి పని నుండి వచ్చిన ఇనుము. దూరదేశాలకు వెళ్ళి ఖడ్గాలుగా మారినది రెండవ పని నుండి వచ్చిన ఉక్కు.

3. ఇనుములోని భేదాలు

పాత్రను గుర్తించాలంటే ఇనుములోని భేదాలు తెలియాలి. ఈ భేదాలకు మూలం కర్బన శాతం.

చేత ఇనుములో కర్బనం అత్యల్పం, సాధారణంగా 0.1 శాతం లోపు. అది సాగుతుంది, వంగుతుంది, సుత్తె దెబ్బకు పలచబడుతుంది. అందులో మిగిలిన చిట్టెం సన్నని పోగులుగా సాగి ఉంటుంది. పోత ఇనుములో కర్బనం 2 నుండి 4 శాతం వరకు ఉంటుంది. శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ వద్ద కరగగా, పోత ఇనుము సుమారు 1150 నుండి 1200 డిగ్రీల మధ్యనే కరుగుతుంది. అందువల్ల దానిని అచ్చులో పోయడం సులభం. కానీ అది పెళుసు. సుత్తెతో కొడితే సాగదు, పగులుతుంది. మూసలో చేసిన ఉక్కులో కర్బనం సుమారు 1 నుండి 2 శాతం. నేటి కర్మాగారపు మెత్తని ఉక్కు రేకులో కర్బనం చాలా తక్కువ. చిట్టెం పోగులు లేకుండా అది అంతటా ఒకేలా ఉంటుంది.

చైనాలో క్రీస్తుపూర్వమే పోత ఇనుము తయారైంది. ఐరోపాలో ఇనుప వంటపాత్రలను ఇసుక అచ్చులలో పోసే పద్ధతికి ఆబ్రహాం డార్బీ 1707లో పేటెంటు పొందాడు. మన ప్రాంతపు సంప్రదాయ కొలిమి ఉద్దేశం ఇనుమును ద్రవంగా చేసి పోయడం కాదు, ముద్దగా తీసి కొట్టడం. కాబట్టి ఉత్తర తెలంగాణ పల్లెలో తయారైన పాత పాత్ర ప్రధానంగా కొట్టి చేసినదై ఉంటుంది. పోత పాత్ర కనిపిస్తే అది ఏదో ఒక పోత కర్మాగారం నుండి అంగడి ద్వారా ఆ ఇంటికి చేరి ఉంటుందని మొదట ఊహించాలి. ఆంగ్ల పుస్తకాలు చదివి పాత ఇనుప పాత్ర అంటే పోత ఇనుప పాత్రేనని అనుకున్నవారు ఇక్కడే దారి తప్పుతారు.

4. గుర్తింపు లక్షణాలు

4.1 కొట్టి చేసిన పాత్ర: మందం అంతటా సమానంగా ఉండదు. అడుగుకూ అంచుకూ మధ్య తేడా వేలికి తెలుస్తుంది. వృత్తం కచ్చితంగా ఉండదు. సుత్తె దెబ్బలు ఒక క్రమం పాటిస్తూనే చిన్న చిన్న తేడాలతో ఉంటాయి. పిడి విడిగా చేసి రివెట్లతో బిగించినదై ఉంటుంది. రివెటు తల కూడా కొట్టినదే కాబట్టి ఒకదానిలా మరొకటి ఉండదు. పాత్ర చేత ఇనుముతో చేసినదైతే తుప్పు పట్టిన చోట పొరలు పొరలుగా లేస్తుంది. అంచు వద్ద చెక్క చీలినట్లు సన్నని గీతలు కనబడతాయి. అవి చిట్టెం పోగుల జాడలు.

4.2 రేకు పాత్ర: మందం సమానంగా ఉంటుంది. తుప్పు పొరలుగా కాక గుంటలు గుంటలుగా తింటుంది. పసుపు ఉడికించే పెద్ద కడాయిలలో రేకు ముక్కలను రివెట్లతోనో వెల్డింగుతోనో కలిపిన అతుకులు కనిపిస్తాయి. రివెట్ల అతుకు సాధారణంగా వెల్డింగు అతుకు కంటే ముందుది. అయితే పాత పాత్రకు తరువాతి కాలంలో వెల్డింగుతో మరమ్మతు చేయించడం సహజం. అందువల్ల వెల్డింగు మరమ్మతు కాలాన్ని మాత్రమే చెబుతుంది. అది పాత్ర వయసును చెప్పదు.

4.3 పోత పాత్ర: పిడి, కాళ్ళు, చెవులు పాత్రతో కలిసి ఒకే పోతగా ఉంటాయి. బయటి వైపు ఇసుక అచ్చు వదిలిన గరుకుదనం ఉంటుంది. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నని గీత, లోహం పోసిన చోట విరిచి ఆకురాయితో రాసిన మచ్చ కనిపించవచ్చు. విరిగిన అంచు ఉంటే అది బూడిద రంగులో, గింజలు గింజలుగా కనిపిస్తుంది. కొట్టిన పాత్ర కింద పడితే సొట్ట పోతుంది. పోత పాత్ర పగులుతుంది. నేడు అంగడిలో దొరికే మందపాటి దోసె పెనాలు, గుంతపొంగణాల పెనాలు ఎక్కువగా ఈ కోవకు చెందినవి.

అయస్కాంతం ఈ విభజనకు పనికిరాదు. అది పై అన్నిటికీ అంటుకుంటుంది. ఆకురాయి చక్రంపై నిప్పురవ్వలు చూసి లోహాన్ని గుర్తించే పద్ధతి కార్ఖానాలలో ఉంది. కానీ అది లోహాన్ని అరగదీస్తుంది. ఎప్పుడో విరిగి విడిగా ఉన్న ముక్కపై తప్ప పాత్రపై దానిని ప్రయోగించకూడదు.

5. పనితనం వేరు, లోహం వేరు

పై లక్షణాలను యాంత్రికంగా అన్వయిస్తే మరొక పొరపాటు జరుగుతుంది. సుత్తె దెబ్బలు ఉన్నంత మాత్రాన పాత్ర ప్రాచీనం కాదు. 1874లో సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1907లో స్థాపితమైన టాటా కంపెనీ 1912 నాటికి ఉక్కు తయారు చేయసాగింది. కర్మాగారపు ఇనుము, రేకు పల్లె కమ్మరికి అందుబాటులోకి వచ్చిన తరువాత ఖనిజం నుండి ఇనుము తీసే పని క్రమంగా ఆగిపోయింది. కానీ కమ్మరి కొలిమి ఆగలేదు. అదే సుత్తె, అదే దాగలి, అదే ఒడుపు. మారినది చేతికి వచ్చిన ముడి సరుకు. కాబట్టి తాత కాలపు పనితనంతో మనుమడు కర్మాగారపు రేకును కొట్టి చేసిన పెంక కూడా అచ్చం పాత పెంకలాగే కనిపిస్తుంది. నేడు యంత్రపు సుత్తెతో దెబ్బలు వేసిన కడాయిలు కూడా విపణిలో ఉన్నాయి. వాటిలో దెబ్బల పరిమాణం, ఎడం యాంత్రికంగా ఒకేలా ఉంటాయి.

ఇదే తర్కం చేత ఇనుముకూ వర్తిస్తుంది. పీచు వంటి గీతలు కనబడితే అది చేత ఇనుమని చెప్పవచ్చు గాని, స్థానిక కొలిమిలో తీసిన ఇనుమని వెంటనే చెప్పలేం. 1784లో ఇంగ్లండులో హెన్రీ కోర్ట్ పేటెంటు పొందిన పద్ధతితో తయారైన చేత ఇనుములోనూ చిట్టెం పోగులు ఉంటాయి. ఆ ఇనుము భారతదేశానికి దిగుమతి అయింది. ఈ రెండింటినీ వేరుచేయాలంటే చిన్న నమూనాను సూక్ష్మదర్శినితో పరిశీలించి, చిట్టెం రసాయనిక స్వరూపాన్ని స్థానిక చిట్టెం దిబ్బల నమూనాలతో పోల్చాలి. కంటితో చూసి చెప్పగలిగినది ఎంతవరకో తెలుసుకుని అక్కడ ఆగడం సేకర్తకు ఉండవలసిన మొదటి క్రమశిక్షణ.

6. కోనసముద్రం ఉక్కు పాత్రలు ఉన్నాయా?

ఈ ప్రాంతపు పాత ఇనుప వస్తువులకు కోనసముద్రం పేరు తగిలించడం సులభం, ఆకర్షణీయం కూడా. కానీ ఆ ఉక్కుతో పెంకలు, మూకుళ్ళు చేశారని అనుకోవడానికి మూడు అడ్డంకులున్నాయి. మొదటిది శ్రమ. కొలిమిలో తీసిన ఇనుమును మళ్ళీ మూసలో పెట్టి, దీర్ఘకాలం కాల్చి చిన్న దిమ్మెలుగా చేసిన సరుకు అది. రెండవది స్వభావం. అధిక కర్బనం గల ఆ ఉక్కును ఒక పరిమిత వేడిలో మాత్రమే జాగ్రత్తగా కొట్టాలి. వేడి మించితే అది చిట్లుతుంది. అటువంటి దిమ్మెను వెడల్పుగా, పలుచగా సాగదీయడం వృథా ప్రయాస. మూడవది ప్రయోజనం. ఆ ఉక్కు గొప్పదనం పదునైన అంచు నిలుపుకోవడంలో ఉంది. రొట్టె కాల్చే పెంకకు పదును అక్కరలేదు.

పొరపాటుకు దృశ్యపరమైన కారణం ఒకటుంది. మూస ఉక్కుతో చేసిన ఖడ్గాన్ని తగిన ద్రావకంతో రుద్దితే నీటి అలల వంటి రేఖలు తేలుతాయి. తుప్పు పట్టిన చేత ఇనుముపై కూడా రేఖలు తేలుతాయి. మొదటివి కర్బన సమ్మేళనాలు వరుసలుగా ఏర్పడడం వల్ల వచ్చినవి. రెండవవి చిట్టెం పోగుల వల్ల వచ్చినవి. చూపుకు దగ్గరగా ఉన్నా కారణాలు పూర్తిగా భిన్నం. పెంకపై గీతలు చూసి దానిని ఖడ్గపు ఉక్కుగా ప్రకటించడం తగదు.

ఇలా చెప్పడం వల్ల పెంక విలువ తగ్గదు. కోనసముద్రం ఉక్కును గురించి యాత్రికులు, శాస్త్రజ్ఞులు రాశారు. ఆ ఖడ్గాలు మ్యూజియాలలో ఉన్నాయి. ఊరికి నాగలి కర్రు, కొడవలి, పెంక చేసి ఇచ్చిన కమ్మరిని గురించి రాసినవారు తక్కువ. ఆ పనితనానికి పాత్రే పత్రం. పెంకకు ఖడ్గపు పేరు పెడితే ఆ పత్రాన్ని మనమే చెరిపివేసినట్లవుతుంది.

7. సేకరణ, నమోదు

పాత్రపై పేరు లేదు కాబట్టి దాని చరిత్ర ఇంటివారి జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. పాత్రను కొని తెచ్చి, జ్ఞాపకాన్ని అక్కడే వదిలేస్తే సగం వస్తువే సేకరించినట్లు. కొనడానికి ముందే అడగవలసినవి ఇవి:

అ) పాత్రను ఆ ఇంట్లో ఏమని పిలుస్తారు? ఆ పేరును ఇంటివారు పలికినట్లే రాయాలి. పెంకను పెనమని, మూకుడును బాణలి అని మార్చి రాయకూడదు.
ఆ) అది ఇంటికి ఎలా వచ్చింది? ఊరి కమ్మరి చేశాడా, అంగట్లో కొన్నారా, ఆడబిడ్డతో పుట్టింటి నుండి వచ్చిందా? "అవ్వా, ఈ పెంక మీ ఇంటికి ఎట్ల వచ్చింది?" అనే ఒక్క ప్రశ్న చాలాసార్లు ఒక తరం వెనక్కి తీసుకుపోతుంది.
ఇ) దానిపై ఏమి వండేవారు? కట్టెల పొయ్యి మీదనా, గ్యాసు మీదనా?
ఈ) మరమ్మతులు ఎవరు, ఎప్పుడు చేశారు?
ఉ) కొలతలు: వ్యాసం, లోతు, అంచు వద్ద మందం, బరువు.
ఊ) శుద్ధి చేయకముందు తీసిన ఛాయాచిత్రాలు: పైభాగం, అడుగు, అంచు, పిడి అతుకు.

కాలనిర్ణయంలో ఊహను, సాక్ష్యాన్ని వేరుగా చూపాలి. "నూరేళ్ళనాటిది" అని రాయడం కంటే "ఇంటివారి అత్తగారి కాపురానికి ముందు నుండి ఉన్నదని చెప్పారు" అని రాయడం శాస్త్రీయం. రెండవ వాక్యాన్ని మరొకరు పరీక్షించగలరు. పాత్రను ఇంట్లో వాడుతూనే ఉంటే కొనకుండా నమోదు మాత్రమే చేసి రావడం ఉత్తమం. ఇంకా పొయ్యి మీద ఉన్న పాత్ర మ్యూజియంలోని పాత్ర కంటే ఎక్కువ చెబుతుంది.

8. శుద్ధి, వాడకం

పాత పాత్ర చేతికి రాగానే ఆకురాయి యంత్రంతో మెరిసేలా తోమడం సేకర్తలు చేసే పెద్ద నష్టం. సుత్తె గుర్తులు, అచ్చు గీతలు, తుప్పు పొరల తీరు, ఏళ్ళ తరబడి పేరుకున్న మసి అన్నీ ఆధారాలే. ఎర్రగా కాలేంత మంటలో పడేస్తే లోహపు అంతర్నిర్మాణం మారుతుంది, పాత్ర వంగుతుంది, పోత పాత్రయితే పగలవచ్చు. పుల్లని ద్రవంలో రోజుల తరబడి నానబెడితే తుప్పుతో పాటు లోహం కూడా తింటుంది. నమోదు కోసం ఉంచే పాత్రకు వదులు తుప్పును మెత్తని కుంచెతో దులిపి, తేమ లేకుండా ఆరబెట్టడం చాలు.

వంటకు వాడదలచిన పాత్రను తోమి, ఆరబెట్టి, పలుచగా నూనె రాసి, సన్నని సెగపై పలుమార్లు కాలిస్తే నూనె గట్టిపడి నల్లని పొరగా ఏర్పడుతుంది. మన ఇళ్ళలో పెంకను వదును చేయడం అంటే ఇదే. పులుపు తగిలితే ఈ పొర కరిగి ఇనుము వంటలోకి దిగుతుంది. అందుకే చింతపండు పులుసులు ఇనుప మూకుడులో నిలువ ఉంచరు. పాత ఇనుప సామాన్ల దుకాణంలో కొన్న పాత్ర గతం తెలియదు. దానిలో సీసం కరిగించి ఉండవచ్చు, తారు, రంగు కలిపి ఉండవచ్చు. గతం తెలియని పాత్రను నమోదుకే పరిమితం చేయాలి.

9. చట్టపరమైన అంశాలు

పురావస్తువులు, కళాఖండాల చట్టం, 1972 ప్రకారం గత కాలపు వృత్తులను, ఆచారాలను తెలిపే వస్తువు నూరేళ్ళకు తక్కువ కానిదైతే పురావస్తువు కాగలదు. అటువంటి వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం వెలుపలికి పంపడం నిషిద్ధం. వాటి వ్యాపారానికి లైసెన్సు అవసరం. విదేశాలలోని బంధువులకు పాత పాత్రలు పంపేవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి. భూమిలో దొరికిన విలువైన వస్తువులకు 1878 నాటి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. చిట్టెం దిబ్బలను, పాత కొలిమి స్థలాలను తవ్వి ముక్కలు తెచ్చుకోవడం సేకరణ కాదు. స్థలం చెదిరితే పొరల క్రమం పోతుంది, పాత్రలోని లోహాన్ని పోల్చి చూడవలసిన ఆధారమే నశిస్తుంది.

10. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. మెట్‌పల్లి ప్రాంతపు సంప్రదాయ ఇనుప వంటపాత్ర ప్రధానంగా కొట్టి చేసినది. పోత పాత్ర కర్మాగారం నుండి అంగడి ద్వారా వచ్చినదిగా భావించి పరిశీలన ప్రారంభించాలి.
2. సుత్తె గుర్తులు పనితనాన్ని తెలుపుతాయి గాని వయసును తెలపవు. పీచు గీతలు చేత ఇనుమును తెలుపుతాయి గాని అది పుట్టిన చోటును తెలపవు.
3. కోనసముద్రం మూస ఉక్కును వంటపాత్రలకు ఆపాదించడానికి సాంకేతికంగా, ఆర్థికంగా ఆధారం లేదు.
4. పాత్రతో పాటు ఇంటి జ్ఞాపకాన్ని నమోదు చేయనిదే సేకరణ పూర్తి కాదు.
5. స్థానిక చిట్టెం నమూనాలతో పాత్రల లోహాన్ని పోల్చే ప్రయోగశాలా అధ్యయనం జరగవలసి ఉంది. అందుకు కావలసిన పాత్రలు ఇంకా ఇళ్ళలో ఉన్నాయి గాని ఏటేటా తగ్గిపోతున్నాయి.

కళాశాలల చరిత్ర, తెలుగు విభాగాల విద్యార్థులు తమ తమ ఊళ్ళలో పై నమోదు పట్టికను అనుసరించి పది పది ఇళ్ళ పాత్రలను నమోదు చేసినా, ఉత్తర తెలంగాణ కమ్మరి పనితనానికి ఒక ప్రాథమిక ఆధార సంపుటి ఏర్పడుతుంది. దానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. కొలబద్ద, తక్కెడ, ఛాయాచిత్రం, ఇంటి పెద్దలతో కూర్చుని వినే ఓపిక ఉంటే చాలు.